లోధీ గార్డెన్: ఏ గేటులో దిగాలి, ఏ గేటునుంచి బయటపడాలి

ఢిల్లీ చూడ్డానికి వెళ్లినవాళ్లలో చాలామంది లోధీ గార్డెన్‌ని అరగంటలో ముగించేస్తారు. లోధీ రోడ్డు గేటు దగ్గర ఆటో దిగుతారు, ఎదురుగా కనిపించే పెద్ద గుమ్మటం దాకా నడుస్తారు, దాని ముందు నాలుగు ఫోటోలు దిగి వచ్చిన దారినే వెనక్కి వచ్చేస్తారు. తోట 90 ఎకరాలు. అలా వెళ్లినవాళ్లకి ఉత్తరపు సగం అసలు కంటపడదు.

నాకు తెలిసినంతలో ఈ తోటని చూసే పద్ధతి ఒకటే. దక్షిణాన లోధీ రోడ్డు వైపు లోపలికి వెళ్లి, ఉత్తరాన రాజేశ్ పైలట్ మార్గ్ వైపు బయటికి రావాలి. మధ్యలో వెనక్కి తిరగక్కర్లేదు. ఇలా నడిస్తే కట్టడాలు ఇంచుమించు కట్టిన వరసలోనే ఎదురవుతాయి: 1445 ప్రాంతపు ముహమ్మద్ షా సమాధి, 1494 నాటి మసీదు, 1517 తర్వాత లేచిన సికందర్ లోదీ సమాధి, ఆఖర్న అక్బర్ కాలపు వంతెన. సుమారు వందేళ్లలో ఒకే నమూనా ఎలా మారుతూ వచ్చిందో నడకలోనే అర్థమవుతుంది. అటునుంచి ఇటు వస్తే కథ తిరగబడుతుంది. మధ్యలోంచి మొదలుపెడితే అసలు కథే ఉండదు.

ముందు చేరే సంగతి. మెట్రోలో అయితే యెల్లో లైన్ మీద జోర్‌బాగ్‌లో దిగి లోధీ రోడ్డు వెంట తూర్పుకి నడవాలి, పదిహేను నిమిషాలు పట్టొచ్చు. పేవ్‌మెంటు బాగానే ఉంటుంది, చెట్ల నీడ ఉంటుంది. ఆటో ఎక్కితే మాత్రం ‘లోధీ’ అని ఊరుకోవద్దు. లోధీ కాలనీ, లోధీ ఎస్టేట్, లోధీ రోడ్డు అన్నీ ఆ చుట్టుపక్కలే ఉన్నాయి. “లోధీ గార్డెన్, లోధీ రోడ్డు వాలా గేట్” అనండి. సొంత కారులో వచ్చేవాళ్లకి గేటు దగ్గర పార్కింగు ఉంది గానీ, చలికాలం ఆదివారం పొద్దెక్కాక అందులో చోటు దొరకడం కష్టం. కారుతో ఇంకో తంటా ఏమిటంటే, తిరిగి దాని దగ్గరికే రావాలి కాబట్టి ఒకే దిశలో నడిచే వీలుండదు. అందుకే కారు మానేయమంటాను.

ప్రవేశం ఉచితం. తోట తెల్లవారుజామునే తెరుస్తారు, చీకటి పడ్డాక కూడా కాసేపు ఉంచుతారు. కట్టడాల లోపలికి మాత్రం సూర్యోదయంనుంచి సూర్యాస్తమయం వరకే. దీనికి కారణం ఉంది. పచ్చిక, చెట్లు, దారులు న్యూఢిల్లీ మున్సిపల్ కౌన్సిల్‌వి, రాతి కట్టడాలు పురావస్తు శాఖవి. కాపలావాళ్లూ వేరు, నిబంధనలూ వేరు. పచ్చిక మీద దుప్పటి పరుచుకుని మధ్యాహ్నమంతా పడుకున్నా ఎవరూ ఏమీ అనరు. అదే దుప్పటి సమాధి అరుగు మీద పరిస్తే ఈల వినిపిస్తుంది. ఫోన్‌తో ఎన్ని ఫోటోలైనా తీసుకోవచ్చు. ట్రైపాడ్ బయటికి తీస్తే మాత్రం అనుమతి పత్రం అడుగుతారు. పెళ్లి ముందు ఫోటోల కోసం లెహంగాలతో వచ్చిన జంటలకి ఇక్కడే చిక్కు వస్తుంది: తోటలో ఏమీ అనలేదు కదా అని కట్టడం మెట్లెక్కుతారు, అక్కడ ఆపుతారు. డ్రోన్ సంగతి మర్చిపోండి, మధ్య ఢిల్లీలో ఎగరనివ్వరు.

ఎప్పుడు వెళ్లాలి? ఫిబ్రవరి రెండో సగం, మార్చి మొదటి సగం అన్నిటికన్నా మేలు. పూలమళ్లు నిండుగా ఉంటాయి, బూరుగు చెట్లు ఆకు లేకుండా ఎర్రగా పూసి ఉంటాయి. చలికాలపు ఎండ కోసం డిసెంబరు, జనవరిలో వెళ్లేవాళ్లు పొద్దున్న ఎనిమిదికే చేరుకుని లాభం లేదు. పొగమంచు దిగిన రోజున పది దాటేదాకా గుమ్మటం పైభాగం కనపడదు. నవంబరులో బయల్దేరేముందు ఆ రోజు గాలి నాణ్యత సూచీ చూసుకోండి. అంకె 300 దాటితే ఉబ్బసం ఉన్నవాళ్లు, పిల్లలతో వచ్చినవాళ్లు ఇంకో రోజుకి మార్చుకోవడం మంచిది, ఎందుకంటే ఇక్కడ చేసేదంతా ఆరుబయట నడకే. మే, జూన్‌లలో తెల్లారగట్ల ఐదున్నరకి లోపల ఉంటే ఎనిమిదికల్లా బయటపడొచ్చు. ఆ తర్వాత రాయి వేడెక్కిపోతుంది. వానలు వెళ్లాక సెప్టెంబరు, అక్టోబరుల్లో నీళ్ల పక్కన దోమలు ఎక్కువ, ఢిల్లీలో డెంగీ ముమ్మరంగా ఉండేదీ అప్పుడే. నిండు చేతుల చొక్కా వేసుకోండి.

మనిషికి లీటరు నీళ్లు, తొడిగి విప్పడానికి తేలికైన చెప్పులు, ఫోన్‌లో ఛార్జింగు. ఇంతే సామాను. ఫోన్ ఫోటోలకే కాదు, టార్చికి కూడా. ఎందుకో ముందుకు వెళ్తే తెలుస్తుంది. లోపల తిండి దుకాణాలు ఉంటాయని నమ్ముకోవద్దు, గేటు బయట బండ్లే దిక్కు. మూత్రశాలలు గేట్ల దగ్గర ఉన్నాయి. పొద్దున్న శుభ్రంగా ఉంటాయి, ఆదివారం సాయంత్రానికి ఉండవు.

లోధీ రోడ్డు గేటు దాటగానే అందరూ నేరుగా పోతారు. మీరు ఎడమకి తిరగండి. బాటకి అటూ ఇటూ తాటి జాతి చెట్లు వరసగా నిలబడి ఉంటాయి, వాటి చివర మిట్ట మీద ఉన్నదే ముహమ్మద్ షా సమాధి. లోదీలకంటే ముందు ఢిల్లీని ఏలిన సయ్యద్ వంశపు సుల్తాను ఇతను, 1434నుంచి 1445 దాకా. అంటే లోదీల పేరున్న తోటలో అన్నిటికన్నా పాత సమాధి లోదీలది కాదు. ఆ మాటకొస్తే లోదీ సుల్తానులు ముగ్గురిలో ఇక్కడ ఉన్నాడని కచ్చితంగా చెప్పగలిగింది ఒక్క సికందర్ గురించే. ఇబ్రహీం 1526లో పానిపట్టు యుద్ధంలో చచ్చిపోయాడు, అతని సమాధి అక్కడే ఉంది. బహలూల్ సమాధిగా చెప్పేది చిరాగ్ ఢిల్లీలో ఉంది.

ఈ కట్టడం చుట్టూ ఒక ప్రదక్షిణ చేయండి. ఎనిమిది పలకలు. ప్రతి పలకకీ మూడు కమానుల వరండా. ప్రతి మూలనా గోడకి ఆనించినట్టు ఏటవాలు దిమ్మె, కింద వెడల్పు, పైకి సన్నం. గుమ్మటం బరువుకి గోడలు బయటికి విచ్చుకోకుండా ఇవి ఆపుతాయి. పైన గుమ్మటం చుట్టూ పలకకొకటి చొప్పున ఎనిమిది ఛత్రీలు, అంటే స్తంభాల మీద నిలిచిన చిన్న గొడుగుల్లాంటి మండపాలు. వీటిని బాగా గుర్తుపెట్టుకోండి, సికందర్ దగ్గరికి వెళ్లాక అవసరం పడతాయి. లోపల ఒకటి కాదు, ఎనిమిది సమాధులున్నాయి. నడిమిది సుల్తానుదని చెబుతారు.

తెలుగువాళ్లు ఇక్కడ ఓ నిమిషం ఎక్కువసేపు నిలబడాలి. ఈ ఎనిమిది పలకల నమూనా ఢిల్లీలో మొదటిసారి కనిపించింది ఇక్కడికి రెండు మూడు కిలోమీటర్ల దూరంలో, నిజాముద్దీన్ బస్తీలో, ఖాన్-ఎ-జహాన్ మక్బూల్ తిలంగానీ సమాధిలో. అది 1360ల చివర కట్టింది. ఫిరోజ్ షా తుగ్లక్ దగ్గర వజీరుగా చేసిన ఈ మక్బూల్ మొదట ఓరుగల్లు మనిషి. 1323లో కోట పడిపోయినప్పుడు పట్టుబడి ఢిల్లీకి వచ్చి మతం మారాడు. ప్రతాపరుద్రుడి సేనాని గన్నమ నాయకుడే ఇతనని కొందరు చరిత్రకారులు గుర్తించారు. అతని సమాధి నమూనాని సయ్యదులు పట్టుకున్నారు, వాళ్లనుంచి లోదీలు, తర్వాత షేర్ షా వంశమైన సూరీల కాలం దాకా వచ్చింది. హుమాయూన్ సమాధి ఆవరణలో ఉన్న 1547 నాటి ఈసా ఖాన్ సమాధి కూడా ఈ కోవలోదే. లోధీ గార్డెన్‌లో గైడ్లు ఈ ముక్క చెప్పరు. పక్కవాళ్లకి మీరే చెప్పండి.

ఇక్కడినుంచి ఈశాన్యంగా సుమారు మూడు వందల మీటర్లు నడిస్తే బడా గుంబద్. దారిలో కాలక్రమానికి అడ్డంగా మొఘల్ చివరి రోజుల చిన్న మసీదు, ద్వారం కనిపిస్తాయి. చూస్తూ నడిచిపోవచ్చు, ఆగక్కర్లేదు.

బడా గుంబద్ బయటినుంచి రెండు మూడంతస్తుల మేడలా ఉంటుంది. వరసలు వరసలుగా గూళ్లు, కమానులు. లోపలికి వెళ్తే అంతస్తుల్లేవు, నేలనుంచి గుమ్మటం దాకా ఒకటే ఖాళీ. సమాధి కూడా లేదు. అందుకే ఇది పక్కనున్న మసీదుకి ద్వారంగా కట్టిందేమోనని ఒక వాదన ఉంది. మెట్లు ఎత్తెత్తుగా ఉంటాయి, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు పక్కన ఎవరిదైనా చెయ్యి పట్టుకుని ఎక్కాలి. పైకప్పు మీదికి పోయే మెట్ల తలుపులకి తాళం ఉంటుంది, కాపలా మనిషిని బతిమాలినా లాభం లేదు.

ఎండలోంచి లోపలికి రాగానే ఏమీ కనపడదు. చాలామంది అక్కడే తప్పు చేస్తారు: చీకటి, గబ్బిలాల వాసన అని ముఖం చిట్లించుకుని వెనక్కి తిరుగుతారు. రెండు నిమిషాలు కదలకుండా ఉండండి, కళ్లు సర్దుకుంటాయి. అప్పుడు ఏదో ఒక మూలలోకి తలెత్తి చూడండి. గది నలుచదరం, పైన గుమ్మటం గుండ్రం. నాలుగు మూలల మీద గుండ్రాన్ని ఎలా నిలబెట్టారన్నదే ఇక్కడ చూడాల్సింది. ప్రతి మూలకీ అడ్డంగా ఒక కమాను వేశారు. దాంతో నాలుగు మూలలు ఎనిమిది పలకలయ్యాయి. ఆ ఎనిమిదింటి మీద ఇంకో వరస, అది పదహారు. పదహారు పలకలంటే కంటికి గుండ్రమే, దాని మీద గుమ్మటం కూర్చుంది. ఫోన్ టార్చి ఏటవాలుగా వేస్తే ఒక్కో వరసా విడివిడిగా తేలుతుంది, నేరుగా వేస్తే అంతా చదునుగా కనిపిస్తుంది. ఈ సంగతి పిల్లలకి పలకలు లెక్కపెట్టమని చెప్పి చూపిస్తే వాళ్లకి విసుగు రాదు.

తర్వాత పక్కనే మసీదు, మొదట్లో చెప్పిన 1494 నాటిది. ఈ తోటలో నన్ను ఎంచుకోమంటే దీన్నే ఎంచుకుంటాను, గుమ్మటాలని కాదు. మసీదు గోడ పడమర, ముఖం తూర్పు. కాబట్టి పొద్దుటి ఎండ అయిదు కమానుల్లోంచి నేరుగా లోపలికి పడుతుంది. ఎదురుగా ఉన్న మెహమాన్ ఖానా (అతిథి గృహం) నీడ తప్పాక, తొమ్మిది లోపు చూడాలి. మధ్యాహ్నం వెళ్తే అదే పని బూడిదరంగులో మందంగా కనిపిస్తుంది. గోడల మీద ఉన్నది రాతి చెక్కడం కాదు, గచ్చు. తడి ఆరకముందే లోతుగా కోసిన ఖురాన్ వాక్యాలు, వాటి సందుల్లో తీగలు, పువ్వులు. అక్షరం లావుగా, తీగ సన్నంగా ఉంటుంది. తీగ అక్షరం వెనకగా దూరి ఇటు తేలుతుంది. దగ్గరికి వెళ్లి చూస్తే అంచుల్లో అక్కడక్కడ పాత రంగు ఇంకా అంటుకుని ఉంది. చేత్తో తడమొద్దు. అయిదు వందల ఏళ్ల గచ్చు, చెమట తగిలితే పొడిపొడిగా రాలుతుంది. పేర్లు గీకిన చోట్లు కూడా కనిపిస్తాయి. రక్షిత కట్టడాన్ని పాడుచేస్తే రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. 2010 సవరణ తర్వాత చట్టం ఇది.

మసీదు వెనక్కి ఎవరూ వెళ్లరు, మీరు వెళ్లండి. వెనక మూలల్లో పైకి సన్నబడే బురుజులున్నాయి, కుతుబ్ మీనార్‌ని గుర్తుకు తెస్తాయి.

ఉత్తరంగా యాభై మీటర్ల దూరంలో, బడా గుంబద్‌కి ఎదురుగా ఉన్నది శీశ్ గుంబద్. ఒకప్పుడు నీలం పెంకులతో మెరిసిపోయేదట, ఇప్పుడు చూరు కింద పట్టీల్లో మాత్రమే మిగిలాయి. సాయంత్రపు ఎండ పడమటి వైపు వాటి మీద పడినప్పుడు బాగుంటాయి. లోపల చాలా సమాధులున్నాయి, ఎవరివో శాసనం లేదు. బహలూల్ లోదీది ఇదేనని ఒక వాదన కూడా ఉంది. ఆ కాలంలో ఎనిమిది పలకలు సుల్తానులకి, నలుచదరం అమీర్లకి అన్నది స్థూలంగా ఒక లెక్క. ఇది నలుచదరం కాబట్టి ఎవరో పెద్ద సర్దారుదై ఉంటుందన్న మాటే నాకు సబబుగా తోస్తుంది.

ఫోటోలు తీసుకునేవాళ్లకి చిన్న చిట్కా: శీశ్ గుంబద్ గుమ్మంలో, లోపల నీడలో నిలబడి బయటికి పెడితే బడా గుంబద్ కమాను చట్రంలో సరిగ్గా అమరుతుంది. ఎక్స్‌పోజరు బయటి వెలుగుకి పెట్టాలి, లేకపోతే ఆకాశం తెల్లగా మాడిపోతుంది.

ఇక్కడే వందలో తొంభై మంది వెనక్కి తిరుగుతారు, పదిమంది ముందుకు పోతారు. ఉత్తరానికి సుమారు రెండు వందల యాభై మీటర్లు. ఈ మధ్యలో తోట తోటలా ఉంటుంది. తెల్లమద్ది, వేప, బూరుగు, రేల. కొన్ని చెట్లకి క్యూఆర్ కోడ్ పలకలున్నాయి. స్కాన్ చేస్తే చెట్టు వివరాలు రావాలి, ఎండకి వెలిసిపోయిన పలక మాత్రం పలకదు. కంసాలి పిట్ట టుకు టుకుమంటూ కొడుతూనే ఉంటుంది. కొమ్మల్లో హార్న్‌బిల్‌లు తిరుగుతాయి, రామచిలుకలు గుమ్మటాల గూళ్లలో కాపురముంటాయి.

ఈ పచ్చికంతా పాతదనుకోకండి. ఇక్కడ ఖైర్‌పూర్ అనే పల్లె ఉండేది, సమాధుల చుట్టూ ఇళ్లు. బ్రిటిష్‌వాళ్లు ఊరిని ఖాళీ చేయించి, 1936 ఏప్రిల్ 9న వైస్రాయి భార్య పేరు మీద లేడీ విల్లింగ్‌డన్ పార్క్‌గా తెరిచారు. స్వాతంత్ర్యం వచ్చాక పేరు మారింది. ఇప్పుడు మనం నడిచే దారుల వంకర్లు, నీళ్లు, గ్లాస్‌హౌస్ 1968లో జోసెఫ్ అలెన్ స్టైన్, గారెట్ ఎక్బో కలిసి దిద్దినవి. తోట పక్కనున్న ఇండియా ఇంటర్నేషనల్ సెంటర్ కట్టిన స్టైనే ఇతను.

సికందర్ లోదీ సమాధికి ఎత్తయిన ప్రహరీ ఉంది, దూరంనుంచి చూస్తే కోట అనుకుంటారు. ద్వారం ముందు అరుగు మీద రెండు ఛత్రీలు, వాటికి నీలం పెంకుల ఆనవాళ్లు. లోపలికి వెళ్తే మళ్లీ ఎనిమిది పలకలు, మళ్లీ వరండా, మళ్లీ ఏటవాలు దిమ్మెలు. ఇందాకటిదే కదా అనిపిస్తుంది. పైకి చూడండి: గుమ్మటం చుట్టూ ఛత్రీలు లేవు. సికందర్ 1517లో పోయాక కొడుకు ఇబ్రహీం కట్టించిన ఈ సమాధికి గుమ్మటం రెండు పొరలు. బయటి పొర దూరంనుంచి ఎత్తుగా కనపడ్డానికి, లోపలి పొర గది కొలతకి సరిపడా కిందికి ఉండడానికి. మధ్యలో ఖాళీ. తర్వాత హుమాయూన్ సమాధిలోనూ తాజ్‌మహల్‌లోనూ ఇదే పద్ధతి పెద్దదైంది. లోపల గోడల మీద రంగు పెంకులు ఇక్కడ బాగానే మిగిలాయి, టార్చి మళ్లీ తీయండి. పడమటి ప్రహరీలో కమానులున్న భాగం నమాజు గోడ. ఈ ఆవరణలో జనం తక్కువ, పదినిమిషాలు కూర్చోడానికి తోటంతటిలో ఇదే మంచి చోటు.

బయటికి వచ్చి తూర్పుకి కొద్ది అడుగులు వేస్తే నీళ్లు, వాటి మీద అఠ్‌పులా. అక్బర్ కాలంలో నవాబ్ బహదూర్ అనే అతను కట్టించాడు. ఒకప్పుడు ఇక్కడ యమునలో కలిసే వాగు పారేది, అందుకే వంతెన. దిమ్మెలు ఎనిమిది, కమానులు ఏడు, నడిమి కమాను అన్నిటికన్నా వెడల్పు. వంతెన మీద నడిస్తే ఇదేమీ తెలియదు, ఒడ్డుకి దిగి పక్కనుంచి చూడాలి. ఒడ్డు రాళ్లు పాచి పట్టి జారతాయి. బాతులకి బ్రెడ్డు వేయకండి, తినంగా మిగిలింది నీళ్లలో కుళ్లి వాసన కొడుతుంది.

మొత్తం తీరిగ్గా రెండున్నర గంటలు. బోన్సాయ్ తోట, గులాబీ తోట కూడా చూడాలంటే ఇంకో ముప్పావుగంట. పిల్లల్లేకపోతే నేనైతే వాటిని వదిలేస్తాను.

వంతెన దగ్గరి గేటు రాజేశ్ పైలట్ మార్గ్ మీదికి తీస్తుంది. కుడికి తిరిగి నడిస్తే ఖాన్ మార్కెట్, అక్కడ వయొలెట్ లైన్ మెట్రో. ఓపిక ఉంటే ఇదే గేటు దగ్గర నిజాముద్దీన్‌కి ఆటో మాట్లాడుకుని తిలంగానీ సమాధి చూసి రండి. బస్తీలో ఆ పేరు చెప్తే ఎవరికీ తెలియదు. అతని కొడుకు జూనాన్ షా కట్టించిన కలాన్ మసీదు ఎక్కడని అడగండి, దాని దగ్గర్లోనే ఇళ్ల మధ్య ఇరుక్కుని ఉంది. సందులు ఇరుకు, వెలుతురుండగానే వెళ్లాలి. గురువారం సాయంత్రం దర్గాలో ఖవ్వాలీకి జనం కిక్కిరిసిపోతారు, ఆ రోజు తప్పించి ఇంకో రోజు పెట్టుకోండి.